చల్లగానే ఉన్నాయిగా

ఫ్రిజ్ కింది అర తుడుస్తుంటే వెనకనుంచి అత్తయ్య అంది: "నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈ అర ఎంత ఖాళీగా ఉండేదో! వాడి స్నేహితుల సీసాలన్నీ పట్టాయి."

చేతిలో గుడ్డ ఆగిపోయింది. "మరి నా పొట్లాలు?"

"రేకుల కొట్లో పెట్టించాడు. నువ్వొచ్చే ముందురోజు గుర్తుంచుకుని మళ్ళీ సర్దించాడులే. లేకపోతే ఇల్లు పీకి పందిరేస్తావని వాడికి తెలీదా?"

మాది ఇంటి ముందు గదుల్లో ఎరువులు, పురుగుమందుల షాపు. బోర్డు మీద మా ఆయన పేరు, కౌంటర్ వెనక నేను. చదువుకున్నదాన్ని నేను, లైసెన్సు వచ్చింది నా చదువుకి, అయినా ఎవరొచ్చినా "సార్ లేరా?" అని అడుగుతారు. లేరంటే నన్నడిగి మందు పట్టుకెళ్తారు. ఆ పొట్లాలు తెప్పించడం నా ఆలోచన. చూడ్డానికి బొగ్గుపొడిలా ఉంటుంది గానీ సరుకు పొడి కాదు, అందులో ఉన్న ప్రాణం. కంటికి కనపడని బాక్టీరియా. విత్తనానికి పట్టించి వేస్తే చిక్కుడు వేళ్ళకి బుడిపెలు కట్టి అందులో కాపరం పెడతాయి. వేరు వాటికి చక్కెర పెడుతుంది, అవి గాలిలో నత్రజనిని మొక్కకి పనికొచ్చేలా మార్చి ఇస్తాయి. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఇంత శుభ్రమైన బేరం నేను చూడలేదు. మధ్యలో దళారీ లేడు, అరువు లేదు. అయితే ఏటా యూరియా గుమ్మరిస్తే మొక్కకి వీటితో అవసరం తీరిపోతుంది, తిండి పెట్టడం మానేస్తుంది. ఇక నేలలో తెగుళ్ళు పోవాలని మందు ఎక్కిస్తే చెడ్డవాటితో పాటు మంచివీ పోతాయి. ఆ మందు కూడా మేమే అమ్ముతాం. దానికి షాపులో ముందు వరసలో అద్దాల బీరువా. ప్రాణమున్న సరుక్కి మాత్రం వంటింటి ఫ్రిజ్‌లో, పాలగిన్నె కింద చోటు. షాపులో ఇంకో ఫ్రిజ్ పెడదామంటే, "మట్టికి ఏసీ ఎందుకే?" అన్నాడు మా ఆయన.

నన్ను ఆస్పత్రిలో చేర్చింది గర్భసంచి తీయడానికి. "ఇద్దర్ని కన్నావు, దాంతో పనైపోయింది, ఇంకా దిగులెందుకు?" అన్నాడు, పాత సామాను వదిలించుకున్నంత తేలిగ్గా. కుట్లు మానకముందే కౌంటర్లో కూర్చోబెట్టాడు. "కూర్చునే పనేగా!" నెలన్నర కిందట అలా కూర్చున్న రోజు నా మొదటి బేరం గొడుగావిడ. ఎండైనా మబ్బైనా గొడుగు లేకుండా కనపడదు కాబట్టి మాకు ఆమె పేరదే. భర్త పోయాక పొలం చేతికొచ్చింది గానీ, అందులో చేవ లేదు. ఆయన బతికుండగా బస్తాల మీద బస్తాలు, ఏటా నేలలోకి మందు. ఆమె బావగారేమో పొలం మీద కన్నేసి, పెద్దల ముందు పందెం లాంటి మాట తీసుకున్నాడు: ఈ కాపు నిలబెడితే పొలం ఆమె చేసుకోవచ్చు, పోతే ఆయనకి వదిలెయ్యాలి. "బస్తాలు కొనే శక్తి లేదక్కా, నువ్వే ఏదైనా దారి చూపించు," అంది. ఫ్రిజ్‌లోంచి తీసి పొట్లాలిచ్చాను. చల్లగా ఉన్నాయి. నీడలో పట్టించమని, విత్తనానికి బూజుమందు కలపొద్దని రెండుసార్లు చెప్పాను. నేను చెప్పినట్టే చేసింది. సరుకు మంచిదని నేను మాటిచ్చాను. షాపులో నాదంటూ ఉన్న పెట్టుబడి ఆ మాటొక్కటే.

గుడ్డ అక్కడే పడేసి హాల్లోకి వెళ్ళాను. "ఏమండీ, పొట్లాలు రేకుల కొట్లో పెట్టించారా?"

పేపరు దించలేదు. "పెట్టిస్తే? మళ్ళీ తెచ్చి సర్దించాను కదా. చల్లగానే ఉన్నాయిగా!"

"ఆ వేడికి చచ్చిపోతాయండీ. చచ్చినవాటిని చల్లబరిస్తే లేస్తాయా?"

"బాక్టీరియా పోయిందని ఏడ్చేదాన్ని నిన్నే చూస్తున్నా," అని నవ్వాడు.

షాపు తెరిచిన కాసేపటికే గొడుగావిడ వచ్చింది. వెనక ఆమె బావగారు. ఆమె కౌంటర్ మీద పెట్టిన చిక్కుడు మొక్కలు పచ్చకామెర్లు వచ్చినట్టున్నాయి. ఒకటి తీసి వేరు చూశాను. జాగ్రత్తగా తవ్వి తెచ్చింది, పీచు కూడా తెగలేదు. కానీ మట్టి అంటిపెట్టుకుని లేదు. ఒక్క బుడిపె లేదు. ఉంటే గోటితో చిదిమి చూసేదాన్ని, లోపల ఎర్రగా ఉంటే పని చేస్తున్నట్టు. ఇక్కడ చిదమడానికేం లేదు. నున్నటి, ఒంటరి వేరు.

"నేనప్పుడే చెప్పా," అన్నాడు బావగారు, "ఆడదాని సేద్యం అని. పొడి పూసుకుంటే పంటలొస్తాయా?"

గొడుగావిడ ఆయన వైపు చూడలేదు. "అక్కా, నేనేం తప్పు చేశాను? చెప్పు, ఒప్పుకుంటా."

లోపల్నుంచి మా ఆయన గట్టిగా అన్నాడు: "విత్తనానికి బూజుమందు కలిపుంటుంది. అడుగు! వీళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు."

లెక్క తేలికే. తల ఊపితే చాలు. షాపు పేరు నిలబడుతుంది, పొలం బావగారికి పోతుంది, సాయంత్రం ఇంట్లో గొడవ ఉండదు. తప్పు ఎటూ ఎవరో ఒకరు మోయాలి, మొయ్యడానికి అలవాటుపడిన మనిషి ఎదురుగానే నిలబడుంది. పైగా ఒప్పుకుంటానంటోంది కూడా.

"తప్పు నీది కాదమ్మా," అన్నాను. "నీకిచ్చిన పొట్లాలు చచ్చినవి. మా ఇంట్లోనే చచ్చాయి. రేకుల కొట్లో వేడికి పెట్టి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టారు. నాకీరోజే తెలిసింది. ఎవరి ముందు చెప్పమంటే వాళ్ళ ముందు చెప్తాను."

మందుల కోసం వచ్చిన ఇద్దరు మనుషులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, మెట్లు దిగి ఎదురు షాపులోకి వెళ్ళిపోయారు. బావగారు మీసం సర్దుకున్నాడు. "ఎవరి తప్పైతేనేం, పోయిన పంట పోయిందేగా? సరే, చూద్దాం," అన్నాడు. వ్యాపారంలో 'చూద్దాం' అంటే ఏంటో నాకు తెలుసు. ఆమెకీ తెలుసు. అయినా మొక్కలన్నీ ఏరి కొంగులో కట్టుకుంది. "పెద్దల దగ్గరికి ఎప్పుడు పిలిస్తే అప్పుడు వస్తావుగా అక్కా?" అంది. వస్తానన్నాను.

వాళ్ళు వెళ్ళగానే మా ఆయన బయటికొచ్చాడు. "నీకు మతి పోయిందా? నోట్లో నువ్వుగింజ నానదా? ఒక్క మాట మింగితే ఏం పోయేది?"

ఇన్నేళ్ళూ మింగింది ఎటుపోయిందా అని నేనూ అనుకుంటున్నాను. కడుపు కోసి చూసిన డాక్టరుకి కూడా కనపడలేదు.

లారీలోంచి బస్తాలు దించడానికొచ్చిన హమాలీలిద్దరూ అరుగు మీద బీడీ కాలుస్తున్నారు. వాళ్ళని పిలిచి వంటింట్లోకి తీసుకెళ్ళాను. పాలగిన్నె, కూరలు తీసి గట్టు మీద పెట్టాను. వాళ్ళు ఫ్రిజ్ ఎత్తి షాపులోకి నడిచారు. అత్తయ్య పాలగిన్నె పట్టుకుని వెనకే వచ్చింది. మా ఆయన గుమ్మానికి అడ్డం వచ్చి, మళ్ళీ తనే తప్పుకున్నాడు.

"మరి ఇంట్లో పాలు, కూరలు?" అన్నాడు.

"రేకుల కొట్లో పెట్టండి. తర్వాత చల్లబరుచుకోవచ్చుగా."

హమాలీల్లో పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వెనక్కొచ్చాడు. "ఇంకేమన్నా మోయాల్సింది ఉందా అమ్మా?"

"ఉంది," అన్నాను. "నా మంచం."