ఆఖరి వాటా

కూర్మమ్మకి కన్నకొడుకు దాలయ్య మీద కంటే కోడలు నీలవేణి మీదే ప్రేమ ఎక్కువని భోగాపురం దిగువన ఉన్న ఆ చేపలపల్లెలో అందరికీ తెలుసు. ఆవిడా దాచుకోలేదు. కొడుకు సముద్రం మీంచి వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. కోడలైతే తట్ట నెత్తికెత్తుకుని పక్కనే నడుస్తుంది, బేరంలో దమ్మిడీ వదలదు, తిరుగుదారిలో ఊళ్లోవాళ్ల నడకలన్నీ నడిచి చూపించి అత్తని కడుపు చెక్కలయ్యేలా నవ్విస్తుంది. అలాంటి పిల్లకి పెళ్లయి అయిదేళ్లయినా కడుపు పండలేదు.

ఇలాంటప్పుడు రాద్ధాంతం చెయ్యాల్సింది అత్తగారు కదా. ఇక్కడ చేసింది పిల్ల తండ్రి. గంగులుది పూసపాటిరేగ అవతల రేవు. ఓ రోజు వచ్చి అరుగు మీద కూర్చుని, తాపీగా చుట్ట ముట్టించి, వచ్చే దీపావళి దాకా చూస్తానన్నాడు. అప్పటికీ ఏమీ లేకపోతే పిల్లని తీసుకుపోయి మారుమనువు ఇచ్చేస్తాడట. వాళ్లలో అది తప్పు కాదు. లోపం నీ కొడుకుదే అయితే నా కూతురెందుకు గొడ్రాలనిపించుకోవాలి అని అడిగాడు. మాటలో న్యాయం ఉండబట్టి కూర్మమ్మకి మరీ ఒళ్లు మండింది. నీలవేణి లేని ఇల్లు తలుచుకుంటే ఆవిడకి అన్నం సహించలేదు.

విజయనగరంలో పద్మకుమారి అనే డాక్టరమ్మ పిల్లలు లేనివాళ్ల మీద పరిశోధన చేస్తోందని విని, కొడుకునీ కోడల్నీ బస్సెక్కించి తనూ ఎక్కింది. తోడుగా ఆ పల్లెలోనే ఉండే గురమ్మా, ఆమెలాగే పిల్లల్లేని మరో ఇద్దరూ బయల్దేరారు. అప్పట్లో ఎక్కడ చూసినా కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణాలే. ఆసుపత్రి గోడ మీదా అదే, ఇద్దరు లేక ముగ్గురు చాలని. మాకు ఒకటో నెంబరే లేకపోతే చాలనడానికి నువ్వెవరని కూర్మమ్మ ఆ గోడని కూడా తిట్టింది.

ముందు మగాణ్ణి పరీక్ష చెయ్యాలనేసరికి దాలయ్య వీధి గుమ్మం వైపు చూశాడు. తల్లి జబ్బ పట్టుకుని లోపలికి తోసింది. అతనికి ఏ లోపమూ లేదని తేలింది. నీలవేణికే నెలనెలా అండం సరిగ్గా విడుదల కావడం లేదట. దానికి కొత్త మాత్రలొచ్చాయని డాక్టరమ్మ చెప్పింది.

అయితే ఓ మెలిక ఉంది. కొందరి పొట్లాల్లో మందుంటుంది, కొందరివి ఉత్త పిండిమాత్రలు. చూడ్డానికి ఒకటే. కాంపౌండరు గుర్తులు పెట్టి కట్టాడు, ఎవరివి ఏవో డాక్టరమ్మకీ తెలియదు. కడుపు మందు వల్ల వచ్చిందో దానంతటదే వచ్చిందో అప్పుడే తేలుతుంది. పిండి వచ్చినవాళ్లకి చివర్లో అసలు మందిస్తానని కూడా చెప్పింది. ఆడవాళ్లంతా తలలూపారు. ఊపడం బాగానే ఊపారు.

బస్సులో కూర్మమ్మకి అది మింగుడు పడలేదు. ఒకే ఊరివాళ్లకి ఒకరికి మందూ ఒకరికి పిండీనా? వాళ్ల పల్లెలో ఆడవాళ్లు రేవులో వేలంపాటలో చేపలు కలిసి కొంటారు, కుప్ప పోసి సమానంగా వాటాలేసుకుంటారు. వాటాలేసే మనిషి కూర్మమ్మే. పంచినవాళ్లు ఆఖర్న మిగిలిందే తీసుకోవాలన్నది అక్కడి కట్టుబాటు.

ఇంటికి రాగానే చేట తెచ్చి నలుగురి పొట్లాలూ అందులో విప్పింది. కలిపింది, నాలుగు కుప్పలు పెట్టింది. గురమ్మ ముందు తీసుకుంది. నీలవేణికి ఆఖరి కుప్ప. నెలనెలా కొత్త పొట్లాలు రావడం, చేటలో పడడం, అదే తంతు.

వేసవి వెళ్లేసరికి గురమ్మ నెల తప్పింది. ఆ వెనకే ఇంకొకామె. నీలవేణికి మాత్రం ఏమీ లేదు. కూర్మమ్మ పైకి నవ్వుతూ ఊరంతా బెల్లం పంచింది గాని లోపల రోజులు లెక్కపెట్టుకుంటోంది. దీపావళి దగ్గరికొస్తోంది.

కబురు విని డాక్టరమ్మ సంబరంగా కాంపౌండరు పెట్టిన గుర్తులు తెప్పించి చూసుకుంది. చూసి తెల్లబోయింది. కడుపుతో ఉన్న ఇద్దరివీ పిండిమాత్రలే. మాత్రలు సరిగ్గా వేసుకున్నారా అని అడిగితే, గురమ్మ అమాయకంగా, కూర్మమ్మొదిన అన్నీ కలిపి సమానంగా పంచీసిందమ్మా అని చెప్పేసింది.

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఎందుకు పంచావని మెల్లగా అడిగింది.

"ఒకలికి సేప, ఒకలికి ఉత్త తట్ట ఎలాగిస్తామమ్మా," అంది కూర్మమ్మ.

"నీ కోడలి పొట్లంలోనే మందుంది, కూర్మమ్మా. ఆ మందంతా నువ్వు నలుగురికీ పంచేశావు."

కూర్మమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. తన చేత్తో తనే కోడలి కడుపు కొట్టానని కుమిలి కుమిలి ఏడ్చింది. నీలవేణి పక్కన కూర్చుని, కొంగుతో అత్త మొహం తుడిచింది.

"ఏడకత్తా. నానైనా అదే సేద్దును."

డాక్టరమ్మకి కోపం రావాలి, నవ్వొచ్చింది, నవ్వుతూంటే కళ్లలో నీళ్లొచ్చాయి. ఇన్నాళ్ల పరిశోధన సముద్రంలో కలిసింది మరి. మళ్లీ మొదటినుంచీ చేస్తానని, ఈసారి ఊరికి ఒక్కర్తినే తీసుకుంటానని చెప్పింది. నీలవేణికి మాత్రం దగ్గరుండి పూర్తి మందు తన ఎదుటే మింగించింది. నీలవేణి విజయనగరం వెళ్లిన రోజుల్లో ఆమె చేపలు ఆ నలుగురిలో ఇంకా కడుపు పండని నాలుగో ఆమె అమ్మి పెట్టింది.

దీపావళికి గంగులు బండి కట్టుకుని అన్నమాట ప్రకారం వచ్చాడు. దొడ్లో కూతురు వాంతి చేసుకోవడం విని చుట్ట ఆర్పేశాడు. కూర్మమ్మ గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నించుంది.

"బండి ఉత్తినే తిప్పుకెల్లన్నా. ఏడో నెల్లో తీసుకురా. పురిటికి నానే ఎక్కిస్తాను."

గంగులు వెనక్కి తిరిగి ఎద్దుల మెడ నిమిరాడు.

నీలవేణికి పుట్టింట్లో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు అందగానే పల్లె ఆడవాళ్లు బండెక్కి దిగారు, సంకల్లో తమ పసివాళ్లతో సహా. ఆ మాత్రల్లో మా వాటా ఉన్నాది కాబట్టి పిల్లలోనూ ఉన్నాదని గురమ్మ గుమ్మంలోనే దబాయించి, ముందు తనే ఎత్తుకుంది. పసిగుడ్డు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారుతూ ఉంటే, కూర్మమ్మ చెయ్యి చాపకుండా ఓ వారగా నిలబడింది. పంచిన మనిషి కదా.

ఆఖర్న పిల్ల ఆవిడ చేతుల్లోకి వచ్చింది. పొద్దుగూకినా మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు.