వాటం తప్పిన నేల

కొత్త స్నానాలగదిలో చెంబెడు నీళ్లు పోస్తే అవి మూలనున్న తూము వైపు కాకుండా తలుపు వైపు నడిచాయి. తలుపు దాటి పడకగదిలోకి వచ్చి, మా అత్తయ్య మంచం దగ్గర ఆగాయి. రెండోసారి పోశాను. మూడోసారి పోశాను. అదే దారి. నీళ్లు కావాలనే నన్ను ఏడిపిస్తున్నాయని ఆ రోజు నాకు నిజంగానే అనిపించింది.

ఆ గది అత్తయ్య కోసమే కట్టించాం. ఆవిడకు డెబ్బై నాలుగేళ్లు. తుంటి ఆపరేషన్ అయ్యాక మేడమెట్లు ఎక్కలేకపోయారు. అందుకని కింద ఒక గది, దాన్ని ఆనుకుని స్నానాలగది. ఇంకేం కావాలని అడిగితే ఆవిడ కోరింది ఒక్కటే. "నా స్నానం నేను చేసుకోగలగాలి. ఎవరూ నాకు కాపలా ఉండక్కర్లేదు." కాలు ఎత్తడం ఆవిడకు కష్టమని గడప కూడా వద్దన్నాం. గడప లేదు కాబట్టి నేల వాటం సరిగ్గా ఉండాలి, నీళ్లన్నీ తూములోకే పోవాలి. ఈ మాట మేస్త్రికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ తల ఊపాడు. అంత తేలిగ్గా ఊపిన తలను నమ్మకూడదని నాకప్పుడు తట్టలేదు.

గదిలోకి మారిన పదో రోజున అత్తయ్య తడి నేల మీద జారిపడ్డారు. మంచం కోడు చేతికి అందింది కాబట్టి ఎముక విరగలేదు, మోచేయి మాత్రం కమిలిపోయింది. ఆ సాయంత్రం నేను రెండు పనులు చేశాను. మేస్త్రికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. స్నానాలగది తలుపుకు లోపలున్న గడియ ఊడదీసి, మరలతో సహా డ్రాయరులో పడేశాను. లోపల మళ్లీ పడితే తలుపు పగలగొట్టుకుని వెళ్లాలా మరి? అప్పటినుంచి ఆవిడ స్నానం చేస్తుంటే, తుడుపుకర్ర పట్టుకుని తలుపు దగ్గర నేను. ఆవిడ గోడవైపు తిరిగి, గబగబా నాలుగు చెంబులు పోసుకుని, అయిందనిపించేవారు.

మేస్త్రి వారం తర్వాత వచ్చాడు. నేలను ఎగాదిగా చూశాడు.

"కొత్త నేల కదమ్మా. నీళ్లకి కాస్త అలవాటవ్వాలి."

"నీళ్లకి అలవాటవ్వడమేంటయ్యా?"

"దారి పడుతుందమ్మగారూ. అయినా గడప వద్దన్నది మీరే. గడపుంటే ఈ గొడవే లేదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఒక్క క్షణం అనుమానం కూడా వచ్చింది. నిజమే, వద్దన్నది మేమే కదా? తప్పు మాదేనా? నేను ఆ ఆలోచనలో ఉండగానే అతను చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

మా ఆయన గ్రంథాలయంలో పనిచేస్తారు. ఆయనకు ఏ కష్టమొచ్చినా ముందు ఒక ఫైలు తెరుస్తారు. దీనికీ తెరిచి, నీలం చీటీ అంటించి, నన్ను వెంటబెట్టుకుని వకీలమ్మ దగ్గరకు తీసుకెళ్లారు. ఆవిడ నెమ్మదిగా, చక్కగా చెప్పారు. వింటున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంది. ముందు మేస్త్రికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, సరిచేయడానికి గడువివ్వాలి. చేయకపోతే వినియోగదారుల ఫోరానికి వెళ్లొచ్చు. లేదా సివిల్ కోర్టుకు. లేదా మధ్యవర్తిని పెట్టుకుని రాజీ పడొచ్చు.

"వీటిలో ఏది మంచిదండీ?" అన్నాను.

"మీకేం కావాలో దాన్నిబట్టి ఉంటుంది. పని మళ్లీ చేయించాలా? నష్టపరిహారం కావాలా? రెండూనా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి," అన్నారు వకీలమ్మ. "పరిశీలన అయ్యేదాకా ఆ నేల వేరేవాళ్లతో బాగు చేయించకండి. సాక్ష్యం పోతుంది."

"సరే."

"అలాగని ప్రమాదమని తెలిసీ ఊరుకోకూడదు. మళ్లీ ఎవరైనా పడితే, జాగ్రత్త ఎందుకు తీసుకోలేదని మిమ్మల్నే అడుగుతారు."

బాగు చేయించకూడదు, ఊరుకోనూ కూడదు. ఇంటికొచ్చేదాకా ఈ రెండు మాటల మధ్య ఎక్కడ నిలబడాలో నాకు తెలియలేదు. అత్తయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఆ నేలని ముట్టుకోకూడదన్నమాట. నీళ్లు మాత్రం ఆపుకోవచ్చు," అన్నారు. ఏదో మాటవరసకు అన్నారనుకుని ఊఁ కొట్టాను.

నోటీసు వెళ్లింది. గడువు అయిపోయింది. మేస్త్రి దగ్గర్నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది: పని బాగుంది, గడప వారే వద్దన్నారు. ఫోరానికి వెళ్లాం. నీలం చీటీ ఫైలుకు తోడు ఎర్ర చీటీ ఫైలు పుట్టింది. తిరిగి తిరిగి మా కాళ్లరిగాయి. నాలుగు నెలలు నేను తుడుపుకర్రతో నిలబడ్డాను. నేను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి పోయే రోజుల్లో, సాయంత్రం వచ్చేదాకా స్నానం చేయొద్దని అత్తయ్యకు గట్టిగా చెప్పేదాన్ని. ఆవిడ ఎదురు చెప్పలేదు. రెండుసార్లు మాత్రం కొవ్వొత్తులు తెమ్మన్నారు, కరెంటు పోతే ఉంటాయని. మా వీధిలో కరెంటు పోయి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. పెద్దావిడ అడిగారు కదా అని తెచ్చిపెట్టాను.

చివరికి ఫోరం పంపిన ఇంజనీరు వచ్చాడు. మేస్త్రి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అత్తయ్య మంచం మీద కూర్చున్నారు. ఇంజనీరు ఒక బకెట్టు నీళ్లు తెప్పించి తూము పక్కన కుమ్మరించాడు. నీళ్లు ఎప్పటిలాగే తలుపు వైపు పరుగెత్తాయి. నేను గర్వంగా మేస్త్రి వైపు చూశాను.

నీళ్లు తలుపు దగ్గర ఆగిపోయాయి. ఒక్క చుక్క కూడా గదిలోకి రాలేదు.

"చూశారా సార్!" మేస్త్రి గొంతు ఖంగుమంది. "దారి పడుతుందని ముందే చెప్పాను."

నాలుగు నెలలుగా నేను తుడిచింది ఏమిటి? ఆ తడి నా కలా? మా ఆయన ఫైల్లో ఫొటోల కోసం వెతుకుతున్నారు, కాగితాలన్నీ కింద పడ్డాయి. ఇంజనీరు మోకాళ్ల మీద కూర్చుని, తలుపు కింద వేలు పెట్టి గీరాడు. గోటికి తెల్లగా ఏదో అంటుకుంది.

"మైనం," అన్నాడు. "నేల రంగులోనే ఉంది, కనబడట్లేదు. ఎవరు పెట్టారు?"

"నా పని కాదు సార్!" మేస్త్రి గబుక్కున అందుకున్నాడు. "వీళ్లే ఏదో చేశారు. నా పనిని మార్చేశారు. రాసుకోండి సార్."

సాక్ష్యం పోతుందన్న వకీలమ్మ మాట నా చెవుల్లో గింగురుమంది. అంతా అయిపోయిందనుకున్నాను.

"నేనే పెట్టాను బాబూ," అన్నారు అత్తయ్య.

"మీరా అత్తయ్యా? ఎందుకు?"

"నేల ముట్టుకోకూడదన్నారుగా. నేను ముట్టుకోలేదు. కొవ్వొత్తి కరిగించి చిన్న గట్టు వేశాను. నువ్వు పనికి పోయాక ముక్కాలి పీట వేసుకుని స్నానం చేసేదాన్ని. తర్వాత కూర్చునే, కర్రతో నీళ్లు తూములోకి నెట్టేదాన్ని. నువ్వొచ్చేలోగా గట్టు ఊడబీకేసేదాన్ని, మళ్లీ సాయంత్రం నీ ముందు ఇంకో స్నానం." ఆవిడ మోకాళ్ల మీద చేతులు చూసుకున్నారు. "ఈ పొద్దున బయటివాళ్లు వస్తున్నారని, శుభ్రంగా ఉండాలని నువ్వు లేవకముందే స్నానం చేశా. గట్టు తీయడం మర్చిపోయాను."

"రోజుకి రెండు స్నానాలు ఎందుకమ్మా?" ఇంజనీరు అడిగాడు.

"ఒకటి మా కోడలి కోసం. ఒకటి నాకోసం."

నాకు సిగ్గేసింది. ఎవరి ముందో కాదు, ఆవిడ ముందే.

ఇంజనీరు కొలబద్ద తీసి నీళ్లలో నిలబెట్టాడు. తలుపు దగ్గర అర అంగుళం లోతు. తూము చుట్టూ ఒక్క చుక్క కూడా నిలవలేదు. రెంటినీ రాసుకున్నాడు. మైనం సంగతీ రాసుకున్నాడు. మేస్త్రి ఆరోపణ కూడా రాసుకున్నాడు. "నేను కొలిచింది రాస్తాను. తీర్పు నాది కాదు," అని లేచి, "అన్నట్టు, ఇక ఆ మైనాన్ని కూడా కదపకండి," అన్నాడు.

వాళ్లు వెళ్లగానే వకీలమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పి, ఇది మనకు మంచిదా చెడ్డదా అని అడిగాను.

"వాటం సరిగ్గా లేదని బాగా తేలింది. కానీ మీరు చేయి పెట్టారని వాళ్లు పట్టుకుంటారు. మంచీ చెడూ రెండూ కావచ్చు," అన్నారావిడ. తర్వాతి వాయిదా వచ్చే నెల. మీకేం కావాలో ఈలోగా తేల్చుకుని చెప్పమన్నారు.

ఫోన్ పెట్టేసి ఆ తలుపు ముందు నిలబడ్డాను. గడియ ఉండాల్సిన చోట నాలుగు చిల్లులున్నాయి. రెండు ఫైళ్లలో మేస్త్రి తప్పులన్నీ తేదీలతో సహా ఉన్నాయి. ఈ నాలుగు చిల్లుల గురించి ఎక్కడా లేదు. డ్రాయరు తెరిచాను. మూడు మరలే దొరికాయి. వాటితోనే గడియ బిగించాను. అత్తయ్య మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నారు. ముక్కాలి పీట తెచ్చి లోపల పెట్టాను.

ఆవిడ కర్ర పొడుచుకుంటూ లోపలికి వెళ్లారు. గడియ పడిన చప్పుడు వినిపించింది. తర్వాత నీళ్ల చప్పుడు, నాలుగు చెంబులతో ఆగలేదు. నేను తుడుపుకర్ర పట్టుకుని, ఎప్పటిలాగే ఉలిక్కిపడటానికి సిద్ధంగా ఉన్నాను. ఏం చేయాలో పాలుపోలేదు.

"ఇంకా అక్కడే నిలబడ్డావా అమ్మాయ్?" లోపలి నుంచి అడిగారు.

"లేదత్తయ్యా," అని చెప్పి, చప్పుడు కాకుండా అక్కణ్నుంచి వచ్చేశాను.