నోట్లో గుండుసూదులు

"ఏదో జరగబోతోందండీ," అన్నాను.

మా ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు. "ఏం జరగబోతోంది?"

"అది తెలిస్తే ఇంత భయం ఎందుకు?"

ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న వాళ్ళ కేకలు రోజూ విని విని, ఇంటికొచ్చాక నా కేకలు ఆయన చెవికెక్కవు. "జరిగాక చెప్పు," అని పనిముట్ల సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఆయన గడప దాటారో లేదో ఫోను మోగింది. చూశారా మరి. ఎవరో అమ్మాయి, గొంతు తేనె. మున్సిపాలిటీ నుంచట. ఊళ్ళో వాళ్ళ పేర్లన్నీ కలిపి చీటీలు తీస్తే మా అమ్మాయి పేరు వచ్చిందట. నాకు ముచ్చెమటలు పోశాయి. "మాకే బహుమతులూ వద్దు తల్లీ, ఓటీపీ చచ్చినా చెప్పం," అని పెట్టేశాను. మళ్ళీ చేసింది, మళ్ళీ పెట్టేశాను. ఆ తర్వాతిసారి మా అమ్మాయే నా చేతిలోంచి ఫోను లాక్కుని, అవతల చెప్పిందంతా విని, "వస్తాను," అంది.

మా అమ్మాయి విషయంలో ఆ ఒక్క మాటే ఉపన్యాసం కింద లెక్క.

సంగతేమిటంటే, మా పేటకి వచ్చే ఆఖరి బస్సు ఖాళీగా తిరుగుతోందని, దాన్ని ఆపేద్దామా అని మున్సిపాలిటీ వాళ్ళ ఆలోచన. ఆపేముందు పౌర సభ అని ఒకటి పెట్టారు. అందులో నాయకులుండరు, చీటీలో పేరు వచ్చిన మామూలు జనమే కూర్చుని, అన్ని వైపుల మాటా విని తేల్చాలి. ఎప్పుడూ పెద్దవాళ్ళే మాట్లాడుతున్నారని, సగం మంది పాతికేళ్ళ లోపు వాళ్ళు ఉండాలన్నారు. ఓటు హక్కు రాని వాళ్ళకీ చోటుంది. సభ ఏం తేలిస్తే అదే చేస్తామని ముందే మాట కూడా ఇచ్చేశారు.

మా అమ్మాయి కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని నేర్చుకుంటోంది. ఇంటికి రావడం ఆ ఆఖరి బస్సులోనే. బస్సు ఆగిపోతే ఇంకొకర్ని చూసుకుంటానని దుకాణం యజమాని చెప్పేశాడు. ఆ పని అంటే దానికి ప్రాణం. మరి నాకో? నిజం చెప్పొద్దూ, బస్సు ఆగిపోతే చీకటి పడకముందే పిల్ల ఇంట్లో ఉంటుంది కదా అని లోపల్లోపల ఓ చల్లటి ఊహ. రోజూ స్టాపుకి వెళ్ళి, బస్సు ఎక్కడ బోల్తా పడిందో, అందులో ఎవడెక్కాడో అని ఊహించుకుంటూ నిలబడే బాధ నాకు తప్పుతుంది.

దాని తరఫున మాట్లాడటం నాకు ఊపిరి పీల్చినంత అలవాటు. అది నోరు తెరిచేలోగా నేను రెండు వాక్యాలు ముగిస్తాను. ఓసారి పళ్ళ డాక్టరు "ఎక్కడ నొప్పి?" అని దాన్ని అడిగితే నేను నోరు తెరిచి చూపించాను. ఆయన నా పన్ను మీద టకటకా కొట్టాక గానీ ఇద్దరికీ పొరపాటు తెలియలేదు.

సభ రోజు దాని వెంట నేనూ బయల్దేరాను. చూడటానికి ఎవరైనా రావచ్చట. వెళ్ళగానే ముందు ఫ్యాన్లు చూశాను, ఏది ఊగుతోందోనని. తర్వాత తలుపులు లెక్కపెట్టుకున్నాను. ఒకటి గడియ పెట్టి ఉంటే మెల్లగా తీసి వచ్చాను. అది చీపుళ్ళ గది. గోడవారగా వేసిన కుర్చీలో కూర్చుని సంచీలోంచి ప్యాంటు తీశాను. నేను రెడీమేడ్ బట్టల షాపులో పొడవైన ప్యాంట్లు పొట్టి చేస్తుంటాను, పని కొంత ఇంటికీ తెచ్చుకుంటాను.

గుండ్రటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఒకప్పుడు బస్సులు నడిపిన పెద్దాయన మొదలుపెట్టాడు. "ఖాళీ బస్సు తిప్పితే డీజిలు దండగ. అయినా ఈ కాలం పిల్లల్ని అడిగితే ఏం చెబుతారు? వేళ్ళతో తప్ప నోటితో మాట్లాడటం మర్చిపోయారు."

"మీరు మాకు సందు ఇస్తేగా తాతా," అన్నాడు పక్కనున్న కుర్రాడు. అందరూ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు.

సభ నడిపిస్తున్నావిడ మా అమ్మాయి వైపు తిరిగింది. "మీరేమంటారమ్మా? ఆ బస్సు ఉండాలా, తీసెయ్యాలా?"

మా అమ్మాయి బల్ల వైపు చూసింది. నాకు అరికాళ్ళలో చీమలు పాకాయి.

"దానికి చీకటంటే భయమండీ," అంది నా నోరు. "బస్సు తీసేసినా ఫర్వాలేదంటోంది."

తలలన్నీ గోడ వైపు తిరిగాయి.

"మీరెవరండీ?" అని అడిగిందావిడ.

"వాళ్ళమ్మని."

"చీటీ తల్లికి రావాల్సింది, తప్పి కూతురికి వచ్చినట్టుంది," అన్నాడు పెద్దాయన.

ఆవిడ మాత్రం నవ్వలేదు. "ఇక్కడ ఒకరి మాట ఇంకొకరు చెప్పకూడదండీ. అదొక్కటే మా నియమం. మీరు చెప్పింది రాసుకోం. అమ్మాయి చెప్పేదాకా ఆగుతాం. ఎంతసేపైనా ఫర్వాలేదు."

మా అమ్మాయి నా వైపు చూసింది. కోపంగా కాదు, గీత పడిన అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూసినట్టు చూసింది. ఇంత చేసి చివరికి దాని పని నా నోటితో నేనే పోగొట్టానా అనిపించి, తల ప్యాంటులో పెట్టుకున్నాను.

నిజంగానే ఆగారు. మాట లేదు, దగ్గు లేదు. ఫ్యాను తిరుగుతోంది. నా నాలుక మాత్రం లోపల ఎగిరెగిరి పడుతోంది. దానికి ఒంట్లో బాగోలేదని చెబుదామా? రేపు చెబుతుందని గడువు అడుగుదామా? పాపం మూగపిల్ల అనుకుంటే, రేపు దానికి సంబంధాలు... ఎక్కడి బస్సు, ఎక్కడి సంబంధాలు, నా బుర్ర ఏ రోడ్డెక్కినా బోల్తా పడందే ఆగదు కదా. ఇక లాభం లేదని సంచీలోంచి గుండుసూదులు తీసి, ప్యాంటు అంచు మడిచేటప్పుడు పట్టుకున్నట్టు, ఒక్కొక్కటే పెదాల మధ్య పెట్టుకున్నాను. నోట్లో సూదులుంటే షాపు యజమాని తిట్టినా నేను మాట్లాడను. ఈ ఒక్క విషయంలో నా నోరు నా మాట వింటుంది.

పెద్దాయన వాచీ చూసుకున్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశాడు. కుర్రాడు మంచినీళ్ళ గ్లాసు మా అమ్మాయి వైపు జరిపాడు. అది తాగలేదు. గ్లాసు ఎత్తి, అలవాటు కొద్దీ అందులోంచి కిటికీ వైపు చూసి, కింద పెట్టింది. ఇంకా ఆగారు. నా పెదాలు తిమ్మిరెక్కాయి.

"నాకు చీకటంటే భయం లేదండీ," అంది మా అమ్మాయి. గొంతు కొంచెం బొంగురుగా ఉంది, ఎప్పుడూ వాడకపోవడం వల్ల. "నా పని ఆ బస్సు మీదే నడుస్తోంది. తీసెయ్యొద్దు. వీలైతే మా స్టాపులో ఒక దీపం పెట్టించండి. రోజూ మా అమ్మ అక్కడ చీకట్లో ఒక్కతే నిలబడుతుంది, భయమంటే నాకు అదే."