కింది గిన్నె

నేను ఒక మూడు గిన్నెల స్టీలు క్యారేజీని. అనకాపల్లిలో ఒక తల్లి తన బిడ్డ కోసం నన్ను కొని, మూత మీద 'పి. హేమలత' అని చుక్కల అక్షరాలతో పేరు కొట్టించింది. స్టీలు మీద పేరు చెక్కిస్తే మనిషి కూడా అలాగే ఉండిపోతాడని వీళ్లకు ఎంత నమ్మకమో! నెలకు మూడు రోజులు ఆ బిడ్డ నన్ను తాకకూడదు. పొరపాటున తాకితే తల్లి నన్ను పసుపునీళ్లతో కడిగేది.

ఇప్పుడు ఆ బిడ్డ ఉదయ్ భాస్కర్. జుట్టు కత్తిరించుకుని, ఛాతీకి బిగుతుగా గుడ్డ చుట్టుకుని, గాజువాకలో మోటార్లకు వైండింగ్ చేసే షెడ్డులో పనికి చేరాడు. నా మీది పేరు ఎవరిదని అడిగితే చెల్లెలిదన్నాడు. అతను ఆడపిల్లగా పుట్టాడని అక్కడెవరికీ తెలియదు. తెలిస్తే పని పోతుంది. 'ఒరే' అని చనువుగా పిలిచే తోటి పనివాళ్లు నలుగురూ దూరమవుతారు.

అయినా నెలసరి ఆగలేదు. మగవాళ్ల పాయఖానాలో చెత్తబుట్ట ఉండదు. బయట పారేస్తే ఎవరో ఒకరు చూస్తారు. అందుకని వాడిన ప్యాడ్‌ను కాగితంలో చుట్టి, జేబులో దాచి తెచ్చి, ఖాళీగా ఉంచుకున్న నా కింది గిన్నెలో పెట్టి ఇంటికి తీసుకువెళ్లేవాడు. అన్నం మోసే నాకు ఇదేం ఖర్మ అని మొదట్లో మండిపడ్డాను. నన్ను మూసేటప్పుడు అతను భుజం మీదుగా మాటిమాటికీ వెనక్కి చూసుకోవడం గమనించాక ఆ కోపం చల్లారింది.

షెడ్డులో ఒక అలవాటుంది. మధ్యాహ్నం క్యారేజీలన్నీ మధ్యలో పెట్టి, ఎవరి గిన్నె ఎవరైనా తెరిచి తింటారు. మంచి అలవాటే, కానీ అదే కొంప ముంచింది. ఉదయ్ కింది గిన్నెను ముందే విడదీసి సంచిలో పెట్టుకునేవాడు. ఆ రోజు కడుపునొప్పిలో మరిచిపోయాడు. ముసలి మేస్త్రి సింహాద్రి నన్ను దగ్గరికి లాక్కున్నాడు.

"కింద ఏటి దాసినావురా? రొయ్యలేటి?"

పై గిన్నెలు లేచాయి. ఉదయ్ చేతికంటిన అన్నంతోనే బయటికి పరుగెత్తాడు.

సింహాద్రి ముగ్గురు ఆడపిల్లల తండ్రి. చూడగానే అర్థమైంది. గబుక్కున మూసేశాడు.

"పప్పు పులిసిపోనాదిరా. ఎవలూ ముట్టకండి."

ఆ మాట వినడానికి ఉదయ్ అక్కడ లేడు. ఒక్క నిమిషం ఆగి ఉంటే! మరునాడు అతను పనికి రాలేదు. ఫోను స్విచ్ఛాఫ్. గదికి వెళ్లి వచ్చిన సింహాద్రి, ఖాళీ చేసేశాడని చెప్పి చతికిలబడ్డాడు.

ఇంట్లో తను తిన్న కంచం కూడా కడగని మనిషి, నన్ను శుభ్రంగా తోమి బల్ల మీద పెట్టాడు. తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి తెచ్చి పాయఖానా మూల పెట్టాడు. యజమాని నవ్వాడు.

"మగోళ్ల లెట్రిన్‌లో బుట్టెందుకయ్యా?"

"ఉండనీండి బాబూ. అక్కరున్నోడు వస్తాడు."

నెల దాటింది. ఎవరూ రాలేదు. మిగతావాళ్లు ఆ బుట్టలో బీడీ ముక్కలు పడేస్తున్నారు. సింహాద్రి రోజూ వాటిని పారబోసి, బుట్ట కడిగి, మూత పెట్టి వస్తున్నాడు.