లుబ్నాకి నేనిచ్చిన హ్యాండ్ బ్రేక్

ఇటుకని రంగుకాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, భోజనాల దగ్గర అందరి ముందూ మా మేనకోడలు లుబ్నా చేతిలో పెట్టాను.

"ఇదిగోనమ్మా, కొత్త హ్యాండ్ బ్రేక్. లాగే పని కూడా లేదు. టైరు కింద పెట్టి మర్చిపోవడమే!"

కామవరపుకోటలో మా చెల్లెలు వహీదా కొత్తింటి పందిరి మొత్తం గొల్లుమంది. లుబ్నా ఒక్కతే నవ్వలేదు.

అంతకు కాసేపటి ముందే, తను ఆపిన కారు ఆ ఇంటి ముందు వాలులో దానంతటది వెనక్కి జారి గేటుని గుద్దింది. గేటు వంగింది, బంపరు లోపలికి పోయింది. అప్పటిదాకా అక్కడే కూర్చుని ఉల్లిపాయలు తరిగిన మా నజ్మా అక్క అప్పుడే లోపలికి వెళ్ళింది కాబట్టి బతికిపోయాం.

"నేను లాగాను నాన్నా," అంది లుబ్నా.

"లాగితే ఎందుకు జారుద్ది?" అన్నాడు వాళ్ళ నాన్న సాజిద్ బావ, నన్ను చూపిస్తూ. "మొన్ననే మీ మామూ చూసి బ్రేకు బాగుందన్నాడు. తాళం ఇలా ఇచ్చెయ్. ఇంక కారు ముట్టుకోకు."

లుబ్నా ఆకివీడులో చేపల మేత ఆఫీసులో పనిచేస్తుంది. మా తాడేపల్లిగూడెం నుంచి పొద్దున్నే ఆ వేళకి బస్సు లేదు. కారు లేదంటే ఉద్యోగం లేనట్టే. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసే ఇటుక చుట్టాను.

మర్నాడు బంపరు బాగుచెయ్యమని బావ కారుని నా మెకానిక్ షెడ్డుకి పంపాడు. వెనకే లుబ్నా వచ్చింది.

"మామూ, ఒక్కసారి విప్పి చూడండి."

"చూశానే పిచ్చిదానా! లీవరు ఎంత బిగువుగా ఉందో! ఉక్కు!"

"పైన లాగి చూశారు. చక్రం చూశారా?"

చూడలేదు. మా వైపు నేల అరచేతిలా ఉంటుంది. వాలంటే వంతెనలూ చెరువుగట్లే. బండిని గేర్లో పడేసి దిగిపోతాం. హ్యాండ్ బ్రేకుని నమ్ముకునేది డ్రైవింగ్ స్కూల్లో చెప్పింది చెప్పినట్టు చేసే లుబ్నా లాంటివాళ్ళే. ఆ రోజు ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో లీవరు లాగి, బాగుందనేశాను.

జాకీ తెచ్చాను. ముందు చక్రం కదలకుండా అడ్డం పెట్టడానికి రాయి కోసం వెతుకుతుంటే, లుబ్నా డిక్కీలోంచి నా ఇటుక తీసి పెట్టింది. రిబ్బను ఇంకా దానికే ఉంది.

వెనక చక్రాలు పైకి లేపి, "లాగమ్మా," అన్నాను. లాగింది. చక్రాన్ని చేత్తో తిప్పాను.

గిర్రున తిరిగింది.

కింద దూరి చూస్తే కేబులు తొడుగులోనే తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఆకివీడు రోడ్డు మీద చేపల లారీలు కార్చే నీళ్ళన్నీ దాని కిందే చేరాయి. పైన లీవరు లాగితే ఆ లాగుడు తుప్పు దగ్గరే ఆగిపోతోంది, చక్రం దాకా పోవడం లేదు. నేను ఉక్కు అనుకున్న బిగువు ఆ తుప్పుదే.

కారు కింద నుంచి వెంటనే బయటికి రాలేకపోయాను. లుబ్నా చెప్పులు కనిపిస్తున్నాయి, కదలకుండా.

"ఏముంది మామూ?"

"నువ్వు లాగావమ్మా," అన్నాను.

కొత్త కేబులు వేసి, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు విప్పి శుభ్రం చేసి, మళ్ళీ లాగించాను. ఈసారి చక్రం నా రెండు చేతులకీ తిరగలేదు. వెంటనే బావకి ఫోన్ చేశాను.

"బావా, తప్పు పిల్లది కాదు. నాది."

"తెలుసులే గౌసూ. దాన్ని వెనకేసుకొస్తున్నావు. జోకులాపి బంపరు సంగతి చెప్పు."

"జోకు కాదు బావా."

"మొన్న మా షాపులో పాము దూరిందన్నప్పుడూ జోకు కాదనే అన్నావు!" అవతల ఇంకెవరో కూడా నవ్వుతున్నారు. ఫోన్ పెట్టేశాడు.

నవ్వించిన చోటే చెప్పాలనుకున్నాను. గేటు సరిచేసే పనుందని బావనీ, లుబ్నానీ కారెక్కించుకుని కామవరపుకోట వెళ్ళాను. అదే వాలులో కారాపి, గేర్లోంచి తీసి, హ్యాండ్ బ్రేకు లాగి దిగాను. వెనక్కి వెళ్ళి, అక్క ఉల్లిపాయలు తరిగినచోట గొంతుకూర్చున్నాను.

వహీదా వాళ్ళందరూ బయటికొచ్చారు. "ఇవాళేం వేషం గౌసన్నా?" అంది వహీదా, అప్పుడే నవ్వేస్తూ.

"హ్యాండ్ బ్రేకు చూడకుండానే చూశానన్నాను. లుబ్నా లాగింది. అది పట్టలేదు," అన్నాను.

ఇంకా నవ్వారు. తర్వాతి మాట కోసం చూశారు. సంచిలోంచి పాత కేబులు తీసి బావ చేతికిచ్చాను. తీగని లాగాడు. రాలేదు. కాలితో తొక్కిపట్టి లాగాడు. చేతులు ఎర్రగా తుప్పయ్యాయి గానీ తీగ కదల్లేదు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"మరి ఆ రోజు పిల్లని అంతమందిలో అంతలా నవ్వుల్పాలు చేశావేంరా?" అన్నాడు బావ మెల్లిగా.

నా వీపు వెనక వంగిన గేటు, ఎదురుగా కారు. అది ఉన్నచోటే ఉంది.

బావ కారులోంచి తాళం తీసి లుబ్నా చేతిలో పెట్టాడు. తను తిన్నగా డిక్కీ దగ్గరికొచ్చి, ఇటుక తీసి, రిబ్బను విప్పేసి, నా పక్కన పెట్టింది.

"ఇది మీ షెడ్డులో ఉండనివ్వండి మామూ. జాకీ వేసినప్పుడు కావాలి."