సుక్రు రోలరు

మిలట్రీ సుక్రు పోయాడు. వానలు వెళ్లిపోయాయి, చలి దిగింది, కాఫీ పండింది. ఆయన పెట్టిన పని మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇంటి వెనక గట్టు మీద, వాలీబాల్ కోర్టు పక్కన, గడ్డిలో సగం కూరుకుపోయి అలాగే ఉంది.

అదొక రాతి రోలరు. కింద రోడ్డు వేసినవాళ్లు మలుపులో వదిలేసి పోతే, సుక్రు కుర్రాళ్లని కూడగట్టి కొండ మీది తమ ఊరు జీలుగుపుట్టుకి ఎక్కించాడు. అవి ఆయన పటాలం నుంచి పింఛను మీద వచ్చిన కొత్త రోజులు. ఇంటిపట్టున కూర్చునే మనిషైతే ఎవరికీ ఏ బాధా లేకపోయేది. ఆయనకి కూర్చోవడం చేతకాదు. మంచు కొండల్లో కాలి వేళ్లు పోగొట్టుకుని వచ్చినవాడు, కుంటుకుంటూనే పొద్దున్న పొలం చూసుకుని, సాయంత్రం గట్టు తవ్వి కోర్టు వేశాడు. కొండ మీద చదును నేల ఊరికే నిలుస్తుందా? వానకి అంచు జారుతుంది, పశువులు దిగితే గోతులు పడతాయి. ఏటా మట్టి మోయాలి, నీళ్లు చల్లాలి, రోలరు లాగాలి.

మిగతా ఇళ్లలో పిల్లలు కోడి కూతకి లేచేవారు. సుక్రు కూతురు కనక, కొడుకు జగదీష్ మాత్రం తండ్రి ఊదే విజిల్‌కి లేచేవారు. "లాగండి, ఆపకండి! ఆపితే మళ్లీ కదల్దు," అని వెనక నుంచి ఒకటే అరుపు. జగదీష్ చదువుకని పార్వతీపురం హాస్టల్‌కి వెళ్లి బతికిపోయాడు, అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు. కనక ఊళ్లోనే ఉండిపోయింది. తండ్రికి నడుం పడిపోయాక రోలరు లాగే తాడు ఆమె ఒక్కదాని భుజం మీదికి వచ్చింది. పగలంతా కాఫీ తోటలో నడుం వంచి, సాయంత్రం ఇదొక చాకిరీ. తండ్రి పోయిన రోజు నుంచి ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఊళ్లో ఆడపిల్లలు ఆ గోతుల్లోనే నెట్ కట్టుకుని ఆడుతున్నారు. మొన్న భాను అనే పిల్ల ఎగిరి దిగుతూ గోతిలో కాలేసి మడమ బెణికించుకుంది. చూసి కూడా కనక చూడనట్టే ఊరుకుంది. ఒంట్లో ఓపిక ఉంటే కదా.

పోయినవాళ్ల పేరున రాయి నిలబెట్టడం ఆ ఊరి ఆచారం. కొండ కింద పారే గెడ్డలోంచి రాయి మోసుకొచ్చి, ఊరి చివర పెద్దల రాళ్ల వరసలో పాతి, అన్నం పెడతారు. రాయి నిలబడితే పోయిన మనిషి కుదురుకున్నట్టు. ఆ పని కోసం జగదీష్ సెలవు పెట్టి వచ్చాడు. వచ్చీ రాగానే గట్టెక్కి రోలరు చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"గెడ్డలో రాయెందుకక్కా? ఇదే నిలబెట్టీద్దాం. అయ్య రాయంటే ఇదే కదా!"

ఊరిపెద్ద బుధు తాత కాసేపు గొణిగాడు గానీ, ఆయనకీ ఆ మాట నచ్చింది. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అందరికంటే ముందు సరేనన్నది కనక. తండ్రి మీద ప్రేమంటే అదీ అని ఊరంతా మెచ్చుకుంది. తమ్ముడి మాట చెవిన పడగానే ఆమెకి హాయిగా అనిపించిందని ఊరికేం తెలుసు? ఆ రాయి భూమిలోకి పోతే ఇక తనని లాగమనేవాడు ఉండడు.

ఆ రోజు మగవాళ్లు రోలరుని ఊరి చివరికి దొర్లించుకొచ్చారు. గొయ్యి తవ్వారు. ఒక పక్క పొట్టేలు కూర ఉడుకుతోంది. రోలరుని గొయ్యి అంచుకి చేర్చి, పైకెత్తబోతూ ఆగారు.

"తాడిప్పీయే గుంటా, బేగి," అన్నాడు బుధు తాత కనకని తొందరపెడుతూ.

కనక వంగి ముడి మీద చెయ్యి వేసింది. తాడుకి భుజం ఆనే చోట పటాలం బెల్టు ముక్క చుట్టి ఉంది. అరిగి, చెమటకి నల్లబడి, ఇంకా గట్టిగానే ఉంది. చిన్నప్పుడొకసారి తాడు ఒరుసుకుని భుజం చెక్కుకుపోతే ఆమె ఏడ్చింది. సుక్రు ఓదార్చలేదు, ఇక మానెయ్యమనీ అనలేదు. మర్నాడు తెల్లారేసరికి తన బెల్టు కోసి తాడుకి చుట్టి ఉంచాడు. విజిల్ మాత్రం మామూలుగానే ఊదాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయి కూడా వదలడా ఈ మనిషి! చెయ్యి మాత్రం ముడి విప్పలేదు. తలెత్తితే ఎదురుగా మడమకి గుడ్డ చుట్టుకుని భాను, ఆ పక్కన మిగతా ఆడపిల్లలు. రోలరు వంకే చూస్తున్నారు. అది పాతేస్తే తమ కోర్టు గతి ఏమిటో వాళ్లకి తెలుసు. అడిగే ధైర్యమే లేదు.

"ఆగు తాతా," అంది కనక. "దీన్ని పాతొద్దు. దీనికింకా పనుంది. అయ్యకి గెడ్డలో రాయే తెండి."

"ఇప్పుడా? పొద్దెక్కిపోనాదే! ఇప్పుడొచ్చి ఏటంటన్నావు?" బుధు తాతకి కోపం వచ్చింది.

జగదీష్ దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు. "పాతకపోతే ఎవులు లాగుతారక్కా? నువ్వు సూత్తే ఇలగైపోనావు."

నిజమే. ఆమె చేతులు చూసుకుంది. కాఫీ రసానికి నల్లబడి, గోళ్లు అరిగిపోయి ఉన్నాయి. కాదనడానికి అదే ఆఖరి అవకాశం.

"నేనే లాగుతాను," అంది విసుగ్గా. "ఇంకెవులున్నారేటి?"

తిట్టుకుంటూనే మగవాళ్లు గెడ్డలోకి దిగారు. రాయి వచ్చేసరికి అన్నం చల్లారిపోయింది, పిల్లలు ఆకలికి ఏడ్చారు. సుక్రు రాయి మాత్రం ఒక్క పిసరు కూడా ఊగకుండా నిలబడింది. అందరూ ఏడ్చారు, కనకకి ఏడుపు రాలేదు.

భోజనాలయ్యాక అక్కా తమ్ముడూ కలిసి రోలరుని మళ్లీ గట్టెక్కించారు. జగదీష్ రొప్పుతూ, "అయ్యెలా లాగీవోడే!" అన్నాడు. జీపు టైమవుతోందని, అక్క భుజం తట్టి, వెనక్కి చూస్తూ చూస్తూ దిగిపోయాడు.

కనక రోలరు మీద కూలబడింది. ఇంట్లోంచి తల్లి కేకేసింది, "రాయే, వొచ్చి పడుకో. రేపు లాగొచ్చు."

"రేపు కోతకెల్లాలమ్మా."

కొండ మీద ఇంకా కాస్త వెలుతురుంది. ఆడపిల్లలు నెట్ తీసుకుని దూరంగా నిలబడ్డారు. కనక మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. బెల్టు ముక్క భుజానికి ఆన్చుకుని బలమంతా పెట్టింది. మొదట కదల్లేదు. తర్వాత గుల్ల మట్టి నలుగుతూ రాయి కదిలింది.

రాయి నిలబెట్టేచోట రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి ఆమె ఆగలేదు. ఆపితే మళ్లీ కదల్దు.