అటు మడిచిన ఆకు

పేరిందేవి మొగుడి సంచి సర్దుతుండగా సంచికి వెంట్రుకలు మొలుస్తున్నాయి. ముందు పిడి దగ్గర నూగులా కనిపిస్తాయి. తువ్వాలు మడిచి లోపల పెట్టేసరికి చుట్టూ గోధుమరంగులో ఒత్తుగా అల్లుకుంటాయి. ఆవిడ చీదరగా మొహం పెట్టి, కోదండపాణి గడ్డం గీసుకునే కత్తి తెచ్చి, సబ్బు నురగ పూసి సంచికి క్షవరం చేస్తుంది.

"మెడ దగ్గర మెల్లిగా గియ్యవే, దానికి చక్కిలిగింతలు," అంటాడు కోదండపాణి చెప్పులు తుడుచుకుంటూ.

"సంచికి మెడేమిటండీ, మీ మొహం!"

"ఇందాక తల లోపలికి దూర్చి వెతికావుగా. తల పట్టే చోటుంటే మెడ ఉండదూ?"

అదీ నిజమే అనుకుని ఆవిడ మెల్లిగానే గీస్తుంది. పెరుగన్నం డబ్బా, మాగాయ, సబ్బుబిళ్ళ పెడుతుంది. అడ్డాకుల విస్తళ్ళ కట్ట పైన పెడుతుంది. విస్తరి చూసినప్పుడల్లా ఆవిడ కుడిచెయ్యి కొంచెం మండుతుంది. చిన్నప్పుడు పెళ్ళి భోజనంలో తిన్న ఆకుని అవతలివైపుకి మడిచిందని తల్లి ఆ చేతిమీద ఒక్కటి వేసింది. "మనవైపుకి మడిస్తే మళ్ళీ కలుస్తామని అర్థం. అటు మడిచేది దినం భోజనాలకే," అంది. ఆ దెబ్బ ఇంకా చల్లారలేదు. చలికాలం ఆవిడ దాని మీదే చేతులు కాచుకుంటుంది.

గుబ్బలమెట్ట అడవిని జనానికి తెరిచారు. వేటాడేవాళ్ళు వేటాడుకోవచ్చు, నడిచేవాళ్ళు నడవొచ్చు, జంతువుల్ని చూసేవాళ్ళు కూర్చుని చూడొచ్చు. కోదండపాణి ఉద్యోగమంతా కలప అడితిలో దుంగలు కొలవడంతోనే సరిపోయింది. "అన్నీ పడుకున్న చెట్లే చూశాను. నిలబడ్డవాటి మధ్య ఒక్కసారి తుపాకీ పట్టుకుని తిరగాలి," అని ఆయన కోరిక.

పేరిందేవి కోరిక ఇంకా చిన్నది. ఈ మనిషి సాయంత్రం ఆఖరి బస్సులో తన పక్కన కూర్చుని ఇంటికి రావాలి, అంతే. గుమ్మం దాటి మళ్ళీ రానివాళ్ళ మొహాలు ఆవిడకి గుర్తులేవు, వీపులే గుర్తున్నాయి. లాంచీ ఎక్కుతున్న నాన్న వీపు, రైలు మెట్ల మీద అన్న వీపు, ఆసుపత్రి తలుపు సందులో చెల్లెలి వీపు. అవన్నీ పెరట్లో దండేనికి వేలాడుతున్నాయి. వాన వస్తే ఆవిడే లోపలికి తెస్తుంది.

"నేనూ వస్తాను," అంటుంది.

"బల్లిని చూస్తేనే వాంతి చేసుకుంటావు. అడవికొచ్చి ఏం చేస్తావే?"

"వాంతే చేసుకుంటాను. మీ పక్కన నిలబడి చేసుకుంటాను."

వాళ్ళు బస్సు దిగేసరికి అడవి ఇంకా పళ్ళు తోముకోలేదు. పాచి నోటి కంపు గేటు దాకా కొడుతుంది. గేటు ముందు జనం వేరుశనక్కాయలు ఒలుచుకు తిని తొక్కలు ఉమ్ముతున్నారు. నేల ఆ తొక్కల్ని నాలికతో అందుకుని మింగుతుంది, కొన్ని నచ్చక తిరిగి కక్కుతుంది. పేరిందేవి కుచ్చెళ్ళు చీలమండల పైకి ఎత్తి పట్టుకుంటుంది.

గేటు కాసే సోములమ్మ నడుముకి తాళాల గుత్తి దోపుకుని అరుస్తోంది. "ఏటకెల్లేవోళ్ళు ఎడంపక్క. నడిసేవోళ్ళు కుడిపక్క. సూసేవోళ్ళు ఉన్న సోటే కూకోండి, అడివే వత్తాది."

"అడవి రావడమేమిటమ్మా?" అంటుంది పేరిందేవి.

"మరి తవరు సూత్తానికొచ్చారు గానీ నడత్తానికి రాలేదు కదండీ. ఎవరో ఒకరు నడవాలి."

కోదండపాణి గేటు దగ్గర ఇచ్చే తుపాకీ తీసుకుని, సంచి భుజాన తగిలించుకుని ఎడంపక్కకి తిరుగుతాడు.

"వెళ్ళొస్తానని చెప్పండి."

"వెళ్ళొస్తానులే. పిల్లి పిల్లల్ని మోసినట్టు నన్ను నోట కరుచుకు తిరుగుతావా ఏమిటి?"

ఆయన వీపు కంట పడకూడదని ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంటుంది. తెరిచేసరికి బెంచీ మీద కూర్చుని ఉంది, ఎదురుగా అడవి వచ్చి ఆగి ఉంది.

చెట్లు వేళ్ళు ఈడ్చుకుంటూ వచ్చాయి. వేళ్ళ సందుల్లో నత్తలు, జలగలు, ఎవరో పారేసిన బిస్కెట్టు కాగితాలు. ఎదుటి బెంచీల మీద జింకలు వచ్చి సర్దుకుని కూర్చుంటాయి. మెడల్లోని దుర్బిణీలు ఎత్తి మనుషుల్ని చూస్తాయి. ఒక కూన ముందుకొచ్చి పేరిందేవి మోకాలు వాసన చూడబోతుంది.

"ముట్టుకోకమ్మా, ఎంగిలి చేతులు," అని తల్లి వెనక్కి లాగుతుంది.

"నేను స్నానం చేసే వచ్చాను," అంటుంది పేరిందేవి.

"అందరూ అలాగే అంటారు," అని ఆ జింక ముక్కు మూసుకుంటుంది.

మధ్యలోంచి నడిచేవాళ్ళు వెళ్తున్నారు. పొద్దుటినుంచి నడిచి నడిచి పాదాలు అరిగిపోయాయి, ఇప్పుడు మోకాళ్ళ మీద నడుస్తున్నారు. "ఆరోగ్యానికి మంచిదండీ, మీరూ రండి," అని ఒకాయన చేయి ఊపుతాడు. ఆయన వెనకాల దారి తడితడిగా మెరుస్తుంది. పేరిందేవి మాగాయ తలుచుకుని ఓర్చుకుంటుంది.

పొద్దు వాలుతుండగా వేటవాళ్ళు తిరిగొస్తారు. ముందు ఒక కొమ్ముల దుప్పి నడుస్తోంది. గుండె దగ్గర గుండు దెబ్బకి ఒక ఆకు అదిమి పట్టుకుంది. కోదండపాణి దాని పక్కనే నడుస్తున్నాడు. దారి తప్పకుండా దుప్పే ఆయన మోచెయ్యి పట్టుకుని తీసుకొస్తోంది.

"చూశావుటే? ఒక్క దెబ్బ!" అంటాడు కోదండపాణి.

"బాగా గురి ఉందండి మీవారికి," అంటుంది దుప్పి మర్యాదగా.

పేరిందేవి దుప్పిని చూడటం లేదు. సంచి వెంట్రుకలన్నీ మళ్ళీ పెరిగి, పట్టీ దాటి ఆయన మెడ మీదికి, అక్కణ్ణించి మణికట్ల దాకా పాకాయి. వాటిలో పిడుదులు శనగల్లా ఉబ్బి వేలాడుతున్నాయి. ఆయన మాట్లాడుతూ మాట్లాడుతూ మణికట్టు నాకుతాడు.

"ఇంటికి పదండి. వేణ్ణీళ్ళు కాచి తోముతాను," అంటుంది ఆవిడ, ఊపిరి బిగబట్టి.

"వాటా తినకుండా ఎల్తారేటండీ?" అని సోములమ్మ అడ్డం వస్తుంది. "ఏట కాడ నిలబడ్డ పెతీవోడికీ వాటా ఉంటాది, పరాయోడైనా సరే. బస్సు ఆగుద్దిలెండి."

అందరూ రెండు వరసలుగా, ఎదురెదురుగా కూర్చుంటారు. పేరిందేవికి సరిగ్గా ఎదురుగా కోదండపాణి. పేరిందేవి సర్దిన విస్తళ్ళే అందరి ముందూ పరుస్తారు. దుప్పి స్వయంగా వడ్డిస్తుంది. తొడ దగ్గర చెయ్యి పెట్టి కొంత, డొక్కలోంచి కొంత తీసి, పులుసు పోస్తూ వరస వెంట వస్తుంది.

"ఇంకొంచెం వేసుకోండి, మొహమాటపడకండి. నాది కానిది పెట్టడం లేదుగా."

పేరిందేవి ఆకులో ముక్క పడుతుంది. అది వెచ్చగా ఉంది, మెల్లిగా కొట్టుకుంటోంది. చేపల పులుసు వండి పెట్టిన చేతులే ఆవిడవి. అయినా ఆ ముక్కలో కనిపించిన దానికి ఒళ్ళు జలదరిస్తుంది. నెరిసిన వెంట్రుక ఒకటి. కొబ్బరినూనె వాసన. రోజూ పొద్దున్నే దిండు మీద ఏరి పారేసే వెంట్రుకే అది.

ఎదురుగా కోదండపాణి లొట్టలు వేస్తూ తింటున్నాడు. ఆయన డొక్క దగ్గర చొక్కా లోపలికి గుంట పడింది.

"నాకు సయించదు," అంటుంది పేరిందేవి.

"తినకపోతే ఏం పర్లేదమ్మా," అంటుంది దుప్పి. "ఆకు మడిచి లేవండి."

పులుసు ఆకు అంచు దాటి ఆవిడ ఒళ్ళోకి కారుతోంది. నల్లగా, జిగటగా, దానిలో ఏవో కాళ్ళున్నవి ఈదుకుంటూ వస్తున్నాయి. ఆవిడ "ఛీ ఛీ" అంటూ తన వైపు అంచు రెండు వేళ్ళతో ఎత్తి, ఒక్క తోపుతో ఆకుని అవతలికి మడిచేస్తుంది.

వరసలో నమలడం ఆగిపోతుంది. దుర్బిణీలన్నీ ఆవిడ చేతిమీదికి తిరుగుతాయి.

"అదేమిటే, అటు మడిచావు?" అంటాడు కోదండపాణి. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది.

"ఒళ్ళోకి కారుతోందండీ! అసహ్యం వేసి..." ఆవిడ ఆకు విప్పబోతుంది. ఆకు పుల్లలు గబగబా అంచుల్ని కుట్టేసుకుంటాయి. కుట్టు మీద చర్మం కమ్ముతుంది. గోళ్ళతో గీకితే ఆకు మూలుగుతుంది, విప్పుకోదు.

"అటు మడిస్తే ఎదర కూకున్నోళ్ళతో సెల్లండి," అంటుంది సోములమ్మ మెల్లిగా. "మా సేతుల్లో ఏం లేదు."

ఆఖరి బస్సు హారన్ కొడుతుంది. పేరిందేవి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కుపోతుంది. ఆయన మెట్టు మీద కాలు పెడతాడు. మెట్టు లోపలికి ముడుచుకుంటుంది.

"గిట్టలు ఎక్కనివ్వమండీ, సీట్లు చిరుగుతాయి," అంటాడు కండక్టరు.

"గిట్టలు కాదు బాబూ, మురికి! పట్టుకున్న మురికి!" ఆవిడ ఆయన భుజాన ఉన్న సంచిలోంచి సబ్బు లాగి, నీళ్ళు లేకపోతే ఉమ్మి తడితో, ఆయన మణికట్టు రుద్దుతుంది. వెంట్రుకలు జారతాయి, వాటి కిందనుంచి ఇంకా పొడుగువి వస్తాయి. పిడుదులు ఆవిడ వేళ్ళ మధ్య చిట్లుతాయి. డోకు వస్తుంది, మింగుతుంది. సబ్బు అరిగి అయిపోతుంది. మనిషి ఇంకా చాలా మిగిలి ఉన్నాడు.

"రోతగా ఉందిటే?" అంటాడు కోదండపాణి.

"ఉంది."

"మరి వదిలెయ్యి."

"వదలను. రోతా నాదే, చెయ్యీ నాదే. మధ్యలో మీకేం?"

ఆయన నవ్వుతాడు. నవ్వుకి మూతి ముందుకి సాగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. బస్సు ఆవిణ్ణి ఎక్కించుకుని కదులుతుంది. ఇద్దరి చేతులూ కాసేపు సాగుతాయి. సబ్బు జారుడుకి విడిపోతాయి.

"వీపు చూపించనులే," అని అరుస్తాడు కోదండపాణి.

ఆవిడ వెనక అద్దానికి మొహం ఆనించి చూస్తుంది. ఆయన వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, మొహం ఆవిడవైపే పెట్టి, గేటు దాటి, బెంచీలు దాటి, జింకల మధ్యకి వెళ్తాడు. జింకలు కొంచెం జరిగి చోటిస్తాయి. అన్ని మొహాల్లో ఒకటి మాత్రం ఆవిణ్ణి చూసి ముక్కు మూసుకోదు.

ఇప్పుడు పెరట్లో దండేనికి వీపుల పక్కన ఒక మొహం వేలాడుతుంది. ఎండ పడితే కళ్ళు చికిలిస్తుంది. రాత్రికి రాత్రి గోధుమరంగు వెంట్రుకలు మొలుస్తాయి. పొద్దున్నే పేరిందేవి నురగ పూసి, కత్తి పట్టుకుని, మెడ మొదలయ్యే చోట మెల్లిగా గీస్తుంది. మొహం చక్కిలిగింతలకి నవ్వుతుంది. నోట్లోంచి నమిలిన గడ్డి ఆవిడ దోసిట్లో పడుతుంది, వెచ్చగా. ఆవిడ దాన్ని ఆకులో పెట్టి, తనవైపుకి మడుస్తుంది. ఆకు దానంతటదే అటు తిరుగుతుంది.

కోదండపాణి తిరిగి రాలేదు. ఆయన్ని విడిచి వచ్చింది మాఘమాసం రెండో ఆదివారం, ఆఖరి బస్సు వేళ.